టకటకమ్మ పెట్టె తుడిచిన ఆదివారం

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ ఆ వీధిలో ఎవరినడిగినా చెప్పలేరు. అందరికీ ఆవిడ టకటకమ్మే. పొద్దున్న పేపరు కుర్రాడు సైకిలు దిగేసరికి ఆ కిటికీలోంచి కీబోర్డు టకటక మొదలవుతుంది. భోజనాల వేళకు కాస్త ఆగుతుంది, మళ్ళీ వీధి దీపాలు వెలిగేదాకా సాగుతుంది. వానొచ్చినా వరదొచ్చినా ఆ టకటకకు అడ్డు లేదు. అది ఆగిందంటే కరెంటు పోయిందని పక్కింటివాళ్ళు కొవ్వొత్తులు వెతుక్కుంటారు.

నలభై దాటి నాలుగైదేళ్ళయింది. పుట్టుకతోనే చూపు లేదు. ఈ మాట దగ్గరికొచ్చేసరికి జనం గొంతు తగ్గిస్తారు చూశారూ, సరిగ్గా అక్కడే టకటకమ్మకు ఒళ్ళు మండుతుంది. "గుడ్డిదాన్నేగా, చెవిటిదాన్ని కాదుగా, గట్టిగానే చెప్పండి" అంటుంది. అన్న తర్వాత అవతలివాళ్ళు నీళ్ళు నములుతుంటే ఆవిడకు చెప్పలేనంత ఆనందం. ముక్కుమీద కోపం, నోటినిండా మాట. ఆ రెండింటికీ ఎన్నడూ లోటు రాలేదు.

ఆవిడ పని చెవులతో. ఊళ్ళో పెద్దాసుపత్రి డాక్టర్లు రోగుల సంగతులు రికార్డరులోకి చెప్పేసి పోతారు. ఆ గొంతులు నెట్‌లో ఈవిడ దగ్గరికొస్తాయి. హెడ్‌ఫోను పెట్టుకుని, కాలికింద పెడలు తొక్కుతూ ఆపుతూ వెనక్కి తిప్పుతూ, విన్నది విన్నట్టు టైపు కొడుతుంది. కొట్టినదాన్ని చదివి చెప్పే గొంతు ఒకటి కంప్యూటర్లోనే ఉంది. ఆ గొంతును ఎంత వేగంగా పెట్టుకుంటుందంటే, పక్కన నిలబడ్డవాళ్ళకు ఏదో పురుగు గీపెడుతున్నట్టే ఉంటుంది. ఎముకల డాక్టరు ఏదో ఒకటి నములుతూ చెప్తాడు. గుండె డాక్టరు మాట మాటకీ ఆవులిస్తాడు. పిల్లల డాక్టరమ్మ కారు నడుపుతూ చెప్తుంది, మధ్యలో హారన్లూ, అడ్డమొచ్చినవాళ్ళ మీద తిట్లూ. తిట్లు తీసేసి జ్వరం మాత్రం ఉంచడం టకటకమ్మ బాధ్యత. ఒక్కరి మొహం తెలియకపోయినా అందరి నోళ్ళూ ఆవిడకు కంఠతా వచ్చు. ఆ పనంటే ఆవిడకు ప్రాణం. అది తప్ప తనదంటూ ఆ ఇంట్లో ఇంకేమీ లేదని ఆవిడ నమ్మకం, ఆ నమ్మకంలో అబద్ధమూ లేదు.

ఇల్లు అన్నయ్యది. అన్నయ్యకు వీధి చివర ఫోటో స్టూడియో. వదిన ఇంటి పనీ చూస్తుంది, స్టూడియోలో ఆల్బములూ అతికిస్తుంది. అన్నయ్య చెడ్డవాడా అంటే, అబ్బే, కాదు. చెడ్డవాడైతే ఇంత చిక్కుండేదా? నాలుగు దులిపేసి చెప్పులు తొడుక్కుని బయటికి నడిచేది. ఆయనేమో చెల్లెలికి పండు కోసి గింజలు తీసి చేతిలో పెడతాడు. జ్వరమొస్తే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. దాటడానికి రోడ్డే లేనిచోట కూడా చెయ్యి పట్టుకుని దాటిస్తాడు. ఒక్కటే జబ్బు ఆయనకి. చెల్లెలిని ఎవరేమడిగినా జవాబు ఆయనే చెప్తాడు.

బట్టల కొట్లో ఒకసారి కొట్టాయన "ఆవిడకి ఏ రంగు కావాలండీ?" అని అన్నయ్యని అడిగాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని వదిలేసి! అన్నయ్య క్షణం తడుముకోకుండా "నీలం" అన్నాడు. అప్పట్నుంచీ ఆవిడ బీరువాలో అన్నీ నీలమే. తనకు నీలమంటే బీరువా నిండేంత మోజున్నట్టు టకటకమ్మకు వదిన చెప్తేగానీ తెలియలేదు.

నీలం సంగతి నవ్వుకుని ఊరుకోవచ్చు. ఉత్తరం సంగతి అలాంటిది కాదు. చూపులేని పిల్లల బళ్ళో ఆవిడతో కలిసి చదువుకున్న ఆయన ఒకడు, ఆ తర్వాత అదే బళ్ళో సంగీతం మాస్టారయ్యాడు. ఆయన ఒకరోజు కంప్యూటర్లో ఆవిడకో ఉత్తరం రాశాడు. మనమిద్దరం ఒక ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందంటావు, ఆలోచించి చెప్పు, తొందరేం లేదు అని. ఆవిడ చెవిలో ఆ గొంతు ఇంకా సగమే చదివింది. వెనకాల నిలబడి తెర మీద అన్నయ్య మొత్తం చదివేశాడు. మర్నాడు ఆవిడకు తెలియకుండా మాస్టారికి ఫోను చేసి "మా అమ్మాయికి ఆ ఉద్దేశం లేదండీ, ఏమీ అనుకోకండి" అని ఎంతో మర్యాదగా చెప్పేశాడు. టకటకమ్మ వారం రోజులు ఆలోచించుకుని, తీరా బాగున్నావా అని రెండు ముక్కలు రాస్తే అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. బడివాళ్ళు చెప్పి సంగతి తెలిసేసరికి ఆయనకు పెళ్ళయిపోయింది. తాను ఔననేదో కాదనేదో ఆవిడకు ఈరోజుకీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఆవిడ కడుపులో ఆరని మంట.

ఇక అసలు కథ ఒక శుక్రవారం మొదలైంది. అన్నయ్య తన ఫోను ఛార్జింగుకి పెట్టి మరిచిపోయి స్టూడియోకి వెళ్ళాడు. వదిన పెరట్లో ఉంది. ఫోను మోగీ మోగీ ప్రాణం తీస్తుంటే టకటకమ్మే తడుముకుంటూ వెళ్ళి ఎత్తింది. అవతల ఆసుపత్రిలో టైపు పనులు పంచే సూపర్‌వైజరు.

"అయ్యో, మీరే ఎత్తారా?" అందావిడ, ఏదో తప్పు చేసినట్టు. "మీరు మానేస్తున్నారని మీ అన్నయ్యగారు చెప్పినప్పట్నుంచీ మనసేం బాగోలేదండీ. ఇన్నేళ్ళు చేశారు. ఒక మాట చెప్పి పోదామని చేశాను."

టకటకమ్మ గోడకు చెయ్యి ఆనించింది. "నేనెందుకు మానేస్తున్నానట?"

సూపర్‌వైజరు మొహమాటపడుతూ చెప్పుకొచ్చింది. సోమవారం నుంచి పనంతా కొత్త పద్ధతిలోకి మారుతోంది. కంప్యూటరును నడిపించే సిస్టం పాతదైతే అది తెరుచుకోదు. ఏ సిస్టం అయినా పర్లేదు, కొత్తదై ఉండాలి. ఈ సంగతి అన్నయ్యగారికి పది రోజుల కిందటే చెప్పారు. ఆయన ఆలోచించి, ఆవిడకు ఇదంతా కష్టం, ఇక మానేస్తుంది అన్నారు. ఆవిడ వంతు డాక్టర్లను వేరేవాళ్ళకు రాసేశారు కూడా.

"ఆ రాసింది కొట్టేయండి," అంది టకటకమ్మ. "అన్నయ్య మానేస్తాడేమో నాకు తెలియదు, అది ఆయన్నే అడగండి. నేను మానను. సోమవారం పొద్దున్న నా కంప్యూటరు తయారుగా ఉంటుంది."

"ఉంటే సరేనండీ. సోమవారం పొద్దున్న చేస్తాను. అప్పటికి లేకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు."

సాయంత్రం అన్నయ్య గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో మొదలైంది రభస.

"నీ మంచికే కదా అమ్మడూ," అన్నాడాయన. నలభై దాటినా అమ్మడే. "ఆ కంప్యూటరు పెట్టె చూస్తే నత్తలా నడుస్తోంది. మెకానిక్కు ఊళ్ళో లేడు, పది రోజులదాకా రాడు. ఎందుకొచ్చిన అవస్థ? ఇంత అన్నం మేం పెట్టలేమా?"

"అన్నం కోసం చేస్తున్నానని ఎవరు చెప్పారు నీకు?"

"అది కాదే..."

"మెకానిక్కు అక్కర్లేదు. పెట్టె మొత్తం తుడిచి కొత్త సిస్టం నేనే వేసుకుంటాను."

వదిన నవ్వాపుకోలేకపోయింది. పాపం, ఎగతాళి నవ్వు కాదు, భయం నవ్వు. "తెర కనబడకుండా ఎలా వేస్తావమ్మాయీ? ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కితే మొత్తం పోతుంది."

"పోవడానికేగా తుడిచేది!"

అన్నయ్య నిట్టూర్చాడు. "సరే, వేసుకో. ఎవరి సాయం లేకుండా వేసుకుంటే ఇక నేను నోరెత్తను. కాకపోతే మాత్రం సోమవారం నువ్వే ఫోన్లో మానేస్తున్నానని చెప్పాలి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను. మీ ఇద్దరి కళ్ళూ ఆ పెట్టెమీద పడకూడదు. అది కూడా ఒప్పందమే."

కోపంలో అనేసింది గానీ, గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాక అసలు సంగతి గుర్తొచ్చింది. ఆ పెట్టెలో ఎన్నడూ వేలు పెట్టింది లేదు. అన్నీ మెకానిక్కే చేసేవాడు. తీసుకెళ్ళేవాడు, తెచ్చేవాడు, "చూసుకోండి మేడం" అనేవాడు, చూడలేదని తెలిసి కూడా. సోమవారం తన నోటితో తానే మానేస్తున్నానని చెప్పడం ఊహించుకుని, మంచం దిగి గదిలో అటూ ఇటూ నడిచింది. అయినా సరే. అన్నదేదో అనేసింది, వెనక్కి తగ్గేది లేదు.

ఆవిడకు బళ్ళోనాటి నేస్తం ఒకతి ఉంది, బ్యాంకులో టెలిఫోను ఆపరేటరు. తనకీ చూపు లేదు, నోరు మాత్రం టకటకమ్మకు రెండింతలు. ఫోను చేయగానే ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందా నీకు! నేనెప్పుడో వేసుకున్నాను. డబ్బు దస్కం అక్కర్లేని సిస్టం ఒకటుంది, అది మొదట్నుంచీ మాట్లాడుతుంది. పెన్‌డ్రైవులో పెట్టుకున్నా, తెచ్చిస్తా."

శనివారం డ్యూటీకి పోతూ ఆటో ఆపించి, కిటికీ ఊచల్లోంచి పెన్‌డ్రైవు అందించింది. "విను. ఇది గుచ్చి స్విచ్చి వెయ్యి. పెట్టె బీప్ మంటుంది. అనగానే ఎస్ కొట్టు, ఎంటర్ కొట్టు. అంతే, ఆ తర్వాత అదే నోరు విప్పి అన్నీ అడుగుతుంది. బీప్ వినపడ్డాకే కొట్టాలి సుమా, ముందు కొడితే మూగనోము పడుతుంది."

"లోపలికి రావే, కాఫీ తాగి పో."

"నేను లోపలికొస్తే నేనే చేశానంటారు మీ అన్న. నీ తిప్పలు నువ్వు పడు," అని ఆటో ఎక్కేసింది. వీధి మలుపు తిరిగేదాకా ఆటోవాడితో ఏదో వాదిస్తూనే ఉంది.

ఆదివారం అన్నయ్యా వదినా పక్క ఊళ్ళో ఎవరిదో ఫంక్షను వీడియో తీయడానికి పొద్దున్నే వెళ్ళారు. వెళ్ళేముందు వదిన గుమ్మం దగ్గర ఆగి "జాగ్రత్తమ్మాయీ, షాకు కొడుతుందేమో" అంది. తలుపు గడియ పెట్టి టకటకమ్మ చీర కొంగు బొడ్లో దోపింది.

ముందుగా తనకు కావలసినదంతా వేరే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంది. పెద్దగా ఏం లేదు. డాక్టర్ల మాటలకు తాను కనిపెట్టుకున్న పొట్టి గుర్తులు. రెండక్షరాలు కొడితే ఒక రోగం పేరు మొత్తం వచ్చేస్తుంది. ఇన్నేళ్ళ కష్టం అదే. తక్కినవన్నీ పోతే పోనీ అనుకుంది. సంగీతం మాస్టారి ఉత్తరం దగ్గర మాత్రం వేలు కాసేపు ఆగింది. ఆగి, దాన్ని ఎక్కించకుండా వదిలేసింది.

నేస్తమిచ్చిన పెన్‌డ్రైవు గుచ్చి స్విచ్చి వేసింది. చెవులు రిక్కించింది. పెట్టె లోపలి ఫ్యాను తిరిగింది. బీప్ లేదు.

ఆపి మళ్ళీ వేసింది. పెట్టె పక్కన నేలమీద కూర్చుని రేకుకు చెవి ఆనించింది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటోందని వెళ్ళి దాన్నీ ఆపేసి వచ్చింది. గోడ గడియారం తీసి మంచం కింద పరుపుల మధ్య దూర్చింది. ఇల్లంతా నిశ్శబ్దం. అయినా బీప్ లేదు. నేస్తానికి ఫోను చేస్తే "అనకపోవడమేంటే, నాది ఇంటికప్పు ఎగిరిపోయేట్టు అంటుంది" అని అదీ గాభరా పడింది.

ఈసారి మెకానిక్కుకే చేసింది. సాయం అడగటానికి కాదు, దెబ్బలాడటానికి. అది ఒప్పందంలోకి రాదని తనకు తానే తీర్పు చెప్పుకుంది.

"ఏమయ్యా, నా పెట్టె బీప్ మనదేం?"

"ఓ, అదా మేడం," అన్నాడతను తీరిగ్గా. "అదొక చిన్న బుడిపె. పీకేశాను కదా, రెండేళ్ళయింది. పొద్దున్నే కుయ్యిమని నిద్ర చెడగొడుతోందని మీ అన్నయ్యగారే పీకేయమన్నారు."

టకటకమ్మ ఫోను పెట్టేసింది. నిజమే, ఒకప్పుడు స్విచ్చి వేయగానే పెట్టె చిన్నగా కూసేది. ఆ కూతతోనే అది లేచిందని తెలిసేది ఆవిడకు. ఒకరోజు అది ఆగిపోయింది. పెట్టె ముసలిదైపోయింది, గొంతు పోయిందనుకుని, ఎవరితోనూ అనకుండా ఊరుకుంది. ఇంట్లో మిగతావాళ్ళకు అది చెవులకు చిరాకు. తనకు అదొక్కటే ఆనవాలు. తీసేసేముందు ఒక్క మాట! ఒక్క మాట అడిగితే వీళ్ళ సొమ్మేం పోయేది? నేలమీద కూర్చునే ఉంది గానీ ఒళ్ళంతా కుతకుత ఉడికిపోయింది.

"సరే," అంది పెట్టెతో పైకే. "నువ్వు చెప్పలేవు, నేనే తెలుసుకుంటాను."

రేకు మీద అరచెయ్యి వేసి కూర్చుంది. స్విచ్చి వేస్తే ముందు ఫ్యాను పెద్దగా ఊదుతోంది. తర్వాత సద్దుమణుగుతోంది. ఆ తర్వాత మళ్ళీ చిన్న ఊపు, మళ్ళీ శాంతం. ఆ రెండో శాంతంలో అది తన కోసమే చూస్తూ ఉండాలి. మొదటిసారి తొందరపడి ముందే కొట్టింది, పెట్టె పలకలేదు. రెండోసారి ఆలస్యమైంది. మూడోసారి ఎస్ బదులు పక్క మీట తగిలింది, ఇన్నేళ్ళు టైపు చేసిన వేలికి! లేచి మంచినీళ్ళు తాగి వచ్చింది. ఎన్నిసార్లు కొట్టిందో లెక్క తప్పిపోయాక, విసుగొచ్చి, ఇక ఇదే ఆఖరని తిట్టుకుంటూ కొట్టినప్పుడు ఆ గదిలో ఒక గొంతు లేచింది. ముక్కుతో మాట్లాడే గొంతు, ఊపిరి పీల్చుకోని గొంతు. ఏ భాష కావాలో చెప్పమంటోంది.

టకటకమ్మ చప్పట్లు కొట్టింది. ఒక్కతే ఉంది కాబట్టి సరిపోయింది, నాలుగు గంతులు కూడా వేసింది.

ఆ గొంతు ఒక్కో ప్రశ్నా అడుగుతూ పోయింది, ఈవిడ జవాబు కొడుతూ పోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఒకరు పక్కవాడిని కాకుండా తనను అడుగుతున్నారు. కంప్యూటరుకు ఏం పేరు పెట్టమంటావంది. టకటక అని కొట్టింది. అదేమిటని అడగకుండా సరేనంది.

ఇక డిస్కు వంతు. ఏ డిస్కును తుడవమంటావని అడుగుతూ ఆ గొంతు రెండు డిస్కులు చదివింది.

టకటకమ్మ మళ్ళీ చదివించింది. రెండే. ఒకటి చిన్నది, అది తనదే, కొన్నప్పుడు చెప్పిన సైజే. రెండోది దానికి ఎన్నో రెట్లు పెద్దది. అది ఎక్కణ్ణించి వచ్చింది? తానెప్పుడూ కొనలేదే! అప్పుడు ఒక్కొక్కటే తట్టాయి. "వైరస్ ఉందేమో చూస్తానుండు అమ్మడూ" అని అన్నయ్య వచ్చి కూర్చునే సాయంత్రాలు. తాను లేచి కుర్చీ ఇచ్చి, పైగా టీ కూడా పెట్టి ఇచ్చేది. ఆయన వేరే పాస్‌వర్డు కొట్టుకుని గంటసేపు ఏదో చేసుకునేవాడు. అప్పట్నుంచే పెట్టె నత్తనడక. అడిగితే "పాతదైపోయింది కదమ్మా" అనేవాడు. స్టూడియోలో పట్టని వీడియోలన్నీ తెచ్చి తన పెట్టెలో కుక్కాడన్నమాట. తన వైపు నుంచి కనబడకుండా దాచి మరీ!

ఆవిడ వేలు ఎంటర్ మీదే ఉంది. పెద్ద డిస్కును ఎంచుకుని ఒక్కసారి నొక్కితే చాలు, ఎవరెవరి ఫంక్షన్లో, ఎవరెవరి నవ్వులో, అన్నీ గాలిలో కలిసిపోతాయి. తర్వాత ఏమన్నా అంటే, కనబడలేదు పాపం, పొరపాటున నొక్కేశాను అనొచ్చు. అందరూ నమ్ముతారు. ఎవరూ ఒక్క మాట కూడా అనరు. జీవితంలో మొదటిసారి ఆ జాలి తన పనికి వచ్చేది.

ఆ ఆలోచన రాగానే ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. కనబడలేదు పాపం అని తన నోటితో తాను చెప్పుకోవడమా! తుడిస్తే తెలిసి తుడవాలి, ఉంచితే తెలిసి ఉంచాలి. పైగా, అడగకుండా ఒకరి సామాను ముట్టుకునే బుద్ధి వాళ్ళది. తనది కాదు.

పెట్టె ఆపేసి ప్లగ్గు పీకింది. అన్నయ్య సొరుగులోంచి స్క్రూడ్రైవరు తెచ్చింది, అది కూడా అడగకుండానే తెచ్చిందని గుర్తొచ్చి, తర్వాత చెప్దాంలే అనుకుంది. పక్క రేకు ఊడదీస్తే ముక్కులోకి దుమ్ము కొట్టింది. వేళ్ళతో వెతికితే చిన్న డిస్కు తన అరలో స్క్రూలతో బుద్ధిగా ఉంది. పెద్దదానికి అర కూడా లేదు. టేపు అంటించి పెట్టె లోపలి గోడకు వేలాడేశాడు మెకానిక్కు, ఇంకా వేడిగా ఉంది. తీగలు లాగేసి, టేపు పీకి, దాన్ని తీసుకెళ్ళి భోజనాల బల్ల మీద, అన్నయ్య కూర్చునేచోట పెట్టింది.

మళ్ళీ అరచెయ్యి వేసి, ఫ్యాను ఊపు కోసం కాచుకుని కొట్టింది. ఈసారి రెండో ప్రయత్నానికే గొంతు పలికింది. డిస్కు ఒక్కటే ఉందంది. ఇందులో ఉన్నదంతా పోతుంది, తుడవమంటావా అని అడిగింది. టకటకమ్మ ఔననే కొట్టింది. పెట్టె చాలాసేపు లోపల్లోపల గొణుక్కుంది. ఆవిడ పక్కనే కూర్చుని చేతులు నలుపుకుంటూ ఎదురుచూసింది. ఆకలి గుర్తుకు రాలేదు. చివరికి అంతా అయిపోయింది, తిరిగి మొదలుపెడతానంది. మొదలుపెట్టి, కొత్త పేరుతో, కొత్త పాస్‌వర్డుతో తనను లోపలికి పిలిచింది. ఆసుపత్రి వాళ్ళ కొత్త పేజీ గుక్క తిప్పుకునేలోపే తెరుచుకుంది. టకటకమ్మ కీబోర్డు మీద తల వాల్చి ఏడ్చింది. ఏడుపు ఎందుకో ఆవిడకు బాగా తెలుసు. గెలిచినందుకు ఏడ్చింది.

సాయంత్రం అన్నయ్య లోపలికొస్తూనే బల్ల దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటి అమ్మడూ? ఇది బయటికెలా వచ్చింది? ఇందులో..." గొంతు కీచుమంది. "ఇందులో డబ్బు కట్టిన పార్టీల వీడియోలున్నాయే! తుడిచేశావా?"

"తుడవలేదు. ఎంటర్ మీద వేలు పెట్టాను. నొక్కలేదు."

ఆయన కుర్చీలో కూలబడ్డ చప్పుడు వినబడింది. "నీ దాంట్లో ఖాళీ ఉంది కదా అని..."

"అడగొచ్చుగా?"

"అడిగితే ఇవ్వనంటావా?"

"ఇచ్చేదాన్నే! అడిగావు గనకనా? కూత పీకేయించేముందు అడిగావా? నీలం కొనేముందు అడిగావా? నేను మానేస్తానని వాళ్ళకు చెప్పేముందు అడిగావా?"

"నీ మంచి కోసమే కదా..."

"నా మంచేదో నాకు చెప్పు అన్నయ్యా. వేరేవాళ్ళకు కాదు."

లోపలికి వెళ్ళింది. కంప్యూటరు తెర తీగ పీకి, తెరను రెండు చేతులా ఎత్తుకొచ్చి అన్నయ్య ఒళ్ళో పెట్టింది.

"ఇదెందుకే?"

"నాకు దీనితో ఏం పని? ఇన్నేళ్ళూ ఇది మీ కోసమే వెలిగింది. వెనకాల నిలబడి చదవడానికి. మాస్టారి ఉత్తరం దీంట్లోనే కదా చదివావు?"

వదిన గొంతు ఎక్కడో గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది, చాలా మెల్లగా. "ఏ మాస్టారు? ఏ ఉత్తరం?"

వదిన మళ్ళీ అడిగింది, ఈసారి మొగుణ్ణి. ఆయన తెరను ఒళ్ళో పెట్టుకునే "నాకప్పుడు అదే మంచిదనిపించింది" అన్నాడు. "నీకనిపించిందా? దానికేమనిపించిందో?" అంది వదిన. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

సోమవారం పొద్దున్న అన్నయ్య ఫోను మోగింది. టకటకమ్మ హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకుంది. ముందు గదిలో అన్నయ్య ఎత్తి హలో అన్నాడు. అవతల సూపర్‌వైజరు అడుగుతున్నది ఇక్కడికి వినబడుతూనే ఉంది. కంప్యూటరు సంగతి ఏమైందండీ, ఆవిడ చేస్తారా, మానేస్తారా, ఏదో ఒకటి తేల్చి చెప్పండి.

అన్నయ్య నోరు తెరిచాడు. గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. జవాబు ఆయన నాలుక చివరే ఉంటుందని టకటకమ్మకు తెలుసు. ఇన్నేళ్ళూ అక్కడే ఉంది.

"ఒక్క నిమిషం అండీ," అన్నాడు. అడుగులు దగ్గరికొచ్చాయి. గొంతు సరిచేసుకున్నాడు. "నాకు తెలియదు. ఆవిడనే అడగండి."

వేడిగా ఉన్న ఫోను ఆవిడ అరచేతిలో పెట్టాడు. పెట్టి, వెంటనే చెయ్యి తీసేసుకున్నాడు. వెళ్ళిపోతాడేమో అనుకుంది గానీ వెళ్ళలేదు. పక్కనే నిలబడి, మొదటిసారి, ఆవిడేమంటుందో వినడానికి కాచుకున్నాడు.

"నేనేనండీ," అంది టకటకమ్మ. "చేస్తాను. నా డాక్టర్లను నాకు పంపించేయండి. దానికంటే ముందు ఒక పని. మీ దగ్గరున్న ఈ నంబరు కొట్టేయండి. నా నంబరు చెప్తున్నాను, రాసుకోండి."